ఊళ్లో కంప్యూటర్... మీ చేతిలో!

మీరేమో ఆఫీసులో. కావాల్సిన ఫైలేమో ఇంట్లో కంప్యూటర్లో. లేదంటే ఊళ్లో నాన్నగారి కంప్యూటర్ మొరాయిస్తోంది. 'అక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి' అంటూ ఫోన్‌లో అవస్థ పడక్కర్లేదు. ఆ తెరనే మీ ముందుకు తెచ్చుకోవచ్చు.

2001లో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో వచ్చిన 'రిమోట్ డెస్క్‌టాప్' సదుపాయం విండోస్ 11 ప్రోలోనూ ఉంది. హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి మాత్రం దాంతో వెళ్లలేం. అలాంటివారికి ఉచితంగా దొరికే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ తేలిక. ఇంటి కంప్యూటర్లో మీ గూగుల్ ఖాతాతో దీన్ని ఏర్పాటు చేసుకుని, కనీసం 6 అంకెల పిన్ పెట్టండి. పుట్టినతేదీ మాత్రం వద్దు. బయట ఫోన్ నుంచైనా అదే ఖాతాతో తెరవొచ్చు. కంప్యూటర్ నిద్రలోకి జారుకుంటే దారి మూసుకుపోతుంది. కాబట్టి పవర్ సెట్టింగుల్లో 'స్లీప్'ను 'నెవర్' చేయడం మరవద్దు.

నాన్నగారి కంప్యూటర్‌కైతే అందులోనే 'రిమోట్ సపోర్ట్' ఉంది. ఆయన తెర మీద వచ్చే కోడ్ మీకు చెబితే చాలు. అది ఒక్కసారికే పనికొస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే! 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకుని కోడ్ చెప్పండి' అంటూ మోసగాళ్లూ ఇదే దారిలో వస్తారు. చెప్పామా, ఇంటి తాళంచెవి దొంగ చేతికిచ్చినట్టే. పొరపాటున చెబితే వెంటనే నెట్ ఆపేసి, బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయాలి.

సాయం కావాలంటే మనమే అడగాలి. వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి సాయం చేస్తామంటే పెట్టేయాలి. పెద్దవాళ్లకు కంప్యూటర్ కన్నా ముందు నేర్పాల్సింది ఇదే.