పండగ తేదీదా? ఋతువుదా?

మెల్బోర్న్‌లో ఉంటున్న మా అక్కయ్య కూతురు ఆ మధ్య ఫోనులో ఒక చిక్కు ప్రశ్న వేసింది. "మావయ్యా, మా ఆఫీసులో ఒకావిడ విక్కా మతస్థురాలట. ఇంగ్లండులో డిసెంబరు 21న చేసే పండగని ఇక్కడ జూన్ 21న చేసుకుంటోంది. అడిగితే, 'మాకు ఇప్పుడే కదా చలికాలం' అంటోంది. మరి మనం నడి వేసవిలో సంక్రాంతి చేస్తున్నామే, ఏది సరి?" అని.

లెడ్జర్లతో ముప్ఫై ఏళ్ళు కుస్తీ పట్టినవాణ్ణి కదా, ప్రశ్న కనిపిస్తే పద్దు తేలేదాకా నిద్ర పట్టదు. దొరికినంత చదివాను. మన పాఠకుల పిల్లలు కూడా దేశదేశాల్లో ఉన్నారు కనుక ఆ లెక్క మీ ముందు పెడుతున్నాను.

ముందు మాటల సంగతి. 'పేగన్' అన్న మాటకి మూలం లాటిన్‌లో పల్లెవాసి అన్న అర్థమిచ్చే మాట. క్రైస్తవం వచ్చాక పాత దేవతల్ని విడిచిపెట్టనివాళ్ళకి ఆ పేరు స్థిరపడింది. ఇక విక్కా. దీన్ని లోకానికి తెలియజేసినవాడు గెరాల్డ్ గార్డ్నర్ అనే ఇంగ్లీషాయన. సిలోను తోటల్లోనూ, మలయా కస్టమ్సులోనూ పనిచేసి రిటైరైన ఉద్యోగి! ఇంగ్లండులో 1735 నాటి మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయింది. 1954లో ఆయన పుస్తకం వచ్చింది. తనది తెగిపోకుండా వచ్చిన పురాతన మతమని ఆయన చెప్పుకున్నాడు గానీ, చరిత్రకారుడు రోనాల్డ్ హట్టన్ 1999లో వెలువరించిన గ్రంథంలో అది ఆధునిక కాలంలో రూపుదిద్దుకున్నదేనని తేల్చాడు. అంతమాత్రాన ఆచరించేవాళ్ళ భక్తి ఉత్తుత్తిదని కాదు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సులలో సుమారు 74 వేల మంది తమని పేగన్లమనీ, 13 వేల మంది విక్కా అనీ రాయించుకున్నారు.

వాళ్ళ ఏడాది ఒక చక్రం. అందులో ఎనిమిది పండగలు. నాలుగు సూర్యుడివి: రెండు ఆయనాలు మారే రోజులు, రాత్రీ పగలూ సమానమయ్యే రోజులు రెండు. మిగిలిన నాలుగూ ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల మొదట్లో, పశువులనీ పంటలనీ పట్టుకుని వస్తాయి. మే ఒకటిన మంటలు, అక్టోబరు ఆఖరున పితరుల స్మరణ. వింటుంటే మన భోగి మంటా, మహాలయ పక్షమూ గుర్తుకు రావడం లేదూ? అలాగని "అంతా మన దగ్గరనుంచి ఎత్తుకుపోయిందే" అనకండి. చలి వేసినచోటల్లా మనిషి మంట వేసుకుంటాడు. దానికి ఒకరి దగ్గర నేర్చుకోనక్కర్లేదు.

మా ప్రాంతాన్నే చూడండి. గుడియాత్తంలో వైకాశి నెల ఒకటో తేదీన, అంటే మే 14, 15 ప్రాంతాన, గంగమ్మ శిరస్సు పండగ. తరణంపేట ముత్యాలమ్మ గుడినుంచి అమ్మవారి శిరస్సు ఊరేగుతూ గోపాలపురం గంగమ్మ గుడికి చేరుతుంది. అక్కడ దాన్ని చండాలస్త్రీ మొండేనికి అమరుస్తారు. పరశురాముడు తండ్రి మాటమీద తల్లి రేణుక తల నరికిన కథ అది. అతికేటప్పుడు తల ఒకరిదీ మొండెం ఒకరిదీ అయింది. కులం ఎక్కడుందో ఆ విగ్రహాన్ని చూసి చెప్పమనండి! ఆ రోజు ఊళ్ళో కొబ్బరికాయల మోత తప్ప మరో మాట వినబడదు. మా కౌంటరు దగ్గర ఈగలు తోలుకోవడమే.

ఆ తేదీని గమనించారా? సూర్యుడు వృషభంలో ప్రవేశించే రోజు, కత్తిరి ఎండలు మాడ్చేసే రోజులు. అమ్మవారు పోసే కాలమని పెద్దలు భయపడిన రోజులు. అందుకే అమ్మ చల్లబడాలని వేపాకు, అంబలి. అదే మే నెలలో తిరుపతిలోనూ గంగమ్మ జాతర. అంటే ఈ పండగ తేదీకీ ఒంటికి తగిలే ఎండకీ ఇంకా లంకె తెగలేదన్నమాట.

మా విరించిపురం మార్గబంధీశ్వరుడి గుడిలో నీడతో కాలం చూపే రాయి ఉంది. దానిమీది గాడిలో పుల్ల పెడితే నీడ వేళ చెబుతుంది. అదే గుడిలో తమిళుల కార్తీకం ఆఖరి ఆదివారం, డిసెంబరు నడుమ, పిల్లలు లేని ఆడవాళ్ళు సింహతీర్థంలో మునిగి, తడిబట్టలతో పడుకుని కలకోసం ఎదురుచూస్తారు. పొద్దు బాగా కురచగా ఉండే రోజులవి.

అయితే మన పద్దులోనూ తేడా ఉంది. సంక్రాంతికి "ఉత్తరాయణం వచ్చింది" అంటాం. నిజానికి సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. ఈ ఇరవైనాలుగు రోజుల తేడా ఏమిటంటే, భూమి ఇరుసు మెల్లగా తిరగడంవల్ల 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున జరిగిన బాకీ. సుమారు 1700 ఏళ్ళ కిందట రెండూ ఒకటే. ఉగాది లెక్క వేరు. చాంద్రమానం ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంటే, పందొమ్మిదేళ్ళలో ఏడు అధికమాసాలు వేసి పద్దు సరిచేశారు. అంటే మన పూర్వులు కూడా పండగ ఋతువు తప్పిపోకూడదనే తాపత్రయపడ్డారు.

అందుకని మేనకోడలికి ఇలా చెప్పాను: "అమ్మాయీ, సంక్రాంతి తేదీ మార్చకు. ఆ రోజు ఇక్కడ మేమూ అక్కడ నువ్వూ కలిసి పండగ చేసుకుంటున్నామన్న తృప్తి తేదీవల్లే వస్తుంది. కానీ మీ ఊళ్ళో జనవరిలో ఏ పండు పండుతుందో అది కూడా దేవుడి ముందు పెట్టు. జూన్ 21న పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్ళి, 'ఇక్కడ ఉత్తరాయణం కాదు, దక్షిణాయనం ఈ రోజే మొదలు' అని నీడ చూపించు. పరాయి నేలమీద బతుకుతూ ఆ నేల ఋతువు తెలియకపోతే ఎలా?"

ఒక్క హెచ్చరిక. 'విక్కా' పాత ఇంగ్లీషు మాట. 'విచ్' దాని సంతానమే. దాన్ని 'మంత్రగత్తె' అని నవ్వుతూ అనువదించకండి. యూరపులో ఆ ముద్ర వేసి నలభై, యాభై వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. మన పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానంతో ముసలివాళ్ళని కొట్టి చంపడం నిన్నమొన్నటి వార్తే. దీన్ని అరికట్టడానికి బీహారు 1999లోనే చట్టం చేసింది. మెల్బోర్న్‌లో ఆవిడ ఆ పేరు తనకి తాను పెట్టుకుంది. మన ఊళ్ళో ఒంటరి ముసలమ్మకి అది ఇతరులు పెట్టేది. ఒకటి విశ్వాసం, ఒకటి హత్యకి మొదటి మెట్టు.

ఇక మీ వంతు. మీరున్న ఊళ్ళో ఉగాదినాటికి వేపపువ్వు దొరుకుతుందా? దొరక్కపోతే పచ్చట్లో చేదుకి ఏం వేస్తున్నారు? ఒక కార్డుముక్క రాసి పడేయండి. వచ్చే సంచికలో అందరం కలిసి ఆ పచ్చడి రుచి చూద్దాం.