అందరిదీ అయితే ఎవరిదీ కాదా?

మా యూనివర్సిటీ నానోఫ్యాబ్‌లో, అంటే చిప్పుల తయారీ ల్యాబులో, ఫర్నేస్ ట్యూబులో బంగారం దొరికింది. వేఫర్లు నిలబెట్టే క్వార్ట్జ్ బోటు గాడిలో ఇరుక్కున్న చిన్న వేఫర్ ముక్క, దాని మీద కరిగి గడ్డకట్టిన బంగారం. సిలికాన్‌తో కలిస్తే బంగారం 363 డిగ్రీలకే కరుగుతుంది. మా ఆక్సిడేషన్ ఫర్నేస్ నడిచేది 1000 డిగ్రీల దగ్గర. ఆ వేడికి అది ట్యూబు గోడలకు పట్టి, తర్వాత లోపలికి వెళ్లిన ప్రతి వేఫర్‌లోకీ దిగింది. తమ ట్రాన్సిస్టర్లు ఎందుకు లీకవుతున్నాయో తెలియక పిల్లలు నెలల తరబడి నిద్ర మానుకుని రెసిపీలు మార్చారు. ఒకమ్మాయి థీసిస్ గడువే దాటిపోయింది. ఆ ముక్క పెట్టిందెవరు? లాగ్‌బుక్‌లో రాత లేదు. అడిగితే అందరి నోటా ఒకటే మాట: "నాకు తెలీదు సార్."

తప్పు జరిగిందని కాదు నా కోపం. నేర్చుకునే చోట తప్పులు జరుగుతాయి. ఆ రోజే వచ్చి "సార్, బంగారమున్న శాంపిల్ పొరపాటున పెట్టేశాను" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పూటే ఫర్నేస్ ఆపేవాణ్ణి. పోయేది ఒక ట్యూబు. చెప్పకపోవడం వల్ల పోయింది ఎంతమంది కష్టం!

మా నానోఫ్యాబ్‌కు ఫిజిక్సు వాళ్లూ వస్తారు, ఎలక్ట్రానిక్స్ వాళ్లూ వస్తారు, పక్క కాలేజీల వాళ్లూ వస్తారు. ఊరుమ్మడి బావి అది. తోడుకునేవాళ్లే అందరూ, పూడిక తీసేవాళ్లు ఇద్దరు. వేఫర్‌ను తిప్పే స్పిన్నర్ చక్ మీద, దానికి పూసే రెసిస్ట్ ఒలికితే అసిటోన్‌తో తుడవడానికి రెండు నిమిషాలు చాలు. తుడవరు. అది వ్యాక్యూమ్ గొట్టంలోకి పోయి గడ్డకడితే, మర్నాడు నిమిషానికి 3000 చుట్లు తిరిగే వేఫర్ ఎగిరిపడి ముక్కలవుతుంది. ఆ ముక్కలనూ అక్కడే వదిలేసి వెళ్లినవాళ్లున్నారు.

పిల్లలను అని ఏం లాభం, పెద్దలే అలా ఉంటే? కోట్లు పెట్టి పరికరం కొనడానికి గ్రాంటు ఉంటుంది. వారంటీ అయిపోయాక ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) డబ్బడిగితే "ఏ హెడ్ కింద?" అంటూ ఫైలు వెనక్కొస్తుంది. మాస్క్ అలైనర్‌లోని మెర్క్యురీ దీపానికి ఆయుష్షు గంటల్లో లెక్క. అది పోతుందని కొన్ననాడే తెలుసు, అయినా స్పేర్ దీపం ఉండదు. పంపు చప్పుడు విని రోగం చెప్పగల టెక్నీషియన్‌ను పదకొండు నెలల కాంట్రాక్టులో పెడతారు. పని చేతికొచ్చే సరికి అతను ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. ఎందుకు చూసుకోడు? మరోపక్క 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం 76,000 కోట్లు ప్రకటించింది. రేపు ఆ ఫ్యాక్టరీల్లో నిలబడాల్సిన పిల్లలు ఇలాంటి గదుల్లోనే కదా పని నేర్చుకునేది! ఇక్కడ అలవాటైన నిర్లక్ష్యం వాళ్ల వెంటే అక్కడికీ పోతుంది.

అన్నిటికన్నా నా కడుపు మండింది వెట్ బెంచ్ దగ్గర. లేబుల్ లేని ప్లాస్టిక్ బీకరు, అందులో నీళ్లలాంటి ద్రవం. ప్లాస్టిక్ అనగానే ఒళ్లు జలదరించింది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం (హెచ్‌ఎఫ్) గాజును తినేస్తుంది కనుక దాన్ని పోసేది ప్లాస్టిక్‌లోనే. పలుచని హెచ్‌ఎఫ్ చేతి మీద పడితే వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. మెల్లగా లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, గుండె దాకా ముప్పు తెస్తుంది. చెయ్యి నీళ్లతో కడిగి వెంటనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిచి చూస్తే ఆ జెల్ గడువు ఎప్పుడో దాటిపోయింది. కొత్తది కావాలని అంతకుముందే పెట్టిన ఇండెంట్‌ను "మూడు కొటేషన్లు జతచేయండి" అని రాసి తిప్పి పంపారు.

మూడు కొటేషన్లా! రేపు ఎవరి బిడ్డ చెయ్యో కాలితే ఆ తల్లికి ఏ కొటేషన్ చూపిస్తారు? జెల్ వచ్చేదాకా వెట్ బెంచ్ గదికి తాళం వేశాను. పరిశోధన ఆగిపోతోందని ఫిర్యాదులు మాత్రం అరగంటలో వచ్చాయి. రానివ్వండి. తాళం తియ్యను.