ఇంటిదొంగను కనిపెట్టిన వరి

సార్వా వరి పొట్టదశకు వచ్చు తరుణమున, గాలివాన వెలిసిన కొలది దినములకు, ఆకు కొన మొదలుకొని అంచుల వెంబడి అలలవలె పసుపుచారలు దిగి, క్రమముగా గడ్డిరంగుకు తిరిగి ఎండిపోవుట మన రైతులకు చిరపరిచితమైన దృశ్యము. వారు దీనిని ఎండాకు తెగులందురు. వేకువను అట్టి ఆకుపై నిలుచు, మంచుబిందువులని భ్రమింపదగిన పసుపుపచ్చని బొట్లలో అసంఖ్యాకములైన సూక్ష్మజీవులుండును. వానిని చూచినంతనే స్ట్రెప్టోమైసిన్ కలిసిన మందును పిచికారి చేయుట మనకు అలవాటైనది. ఆ అలవాటును మానుకొనవలెననియు, మానుటకు తగిన సాధనము మన చేతనే యున్నదనియు నా మనవి.

జాంథోమోనాస్ అను ఈ సూక్ష్మజీవి, ఆకు అంచున నుండు నీటిరంధ్రముల గుండనో, గాలికి చిరిగిన గాయముల గుండనో లోనికి జొచ్చి, నీటిని మోయు దారునాళములలో కాపురముండునే గాని కణములోనికి తాను పోదు. దళసరియైన కణకుడ్యమును దాటగల సన్నని గొట్టమునొకదానిని నిర్మించి, తన మాంసకృత్తులను మాత్రము దాని ద్వారా లోనికి ఎక్కించును. శాస్త్రజ్ఞులు దీనికి మూడవ రకపు స్రావక వ్యవస్థయని పేరిడిరి. మనుష్యుల ప్రేగులను బాధించు సాల్మొనెల్లాకును ఇట్టి సాధనము కలదు. సూది ఆకృతి గల ఆ నిర్మాణమును 1998లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తేటగా చూపినది.

అట్లు ఎక్కింపబడిన మాంసకృత్తులలో కొన్ని తిన్నగా కేంద్రకమును చేరి, వరి జన్యువు మొదట నున్న వర్ణక్రమమును గుర్తించి, అచ్చట పట్టు చిక్కించుకొని, చక్కెరను కణమునుండి వెలికి పంపు జన్యువును మేల్కొలుపును. ఆ గుర్తింపునకు మూలమైన సంకేతసూత్రము 2009లో వెల్లడియైనది. గోడకు కన్నము వేయు శ్రమ లేకుండ, ఇంటివానిచేతనే గాదె తెరపించు దొంగతనమిది. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడందురే, ఆకుపై చల్లిన మందు మాత్రమెట్లు పట్టగలదు? నాళములలో దాగిన సూక్ష్మజీవిని అది చాలినంతగా అందుకొనదు. అందుకొన్నచోట తనకు లొంగని సంతతిని మిగిల్చిపోవును. క్షయరోగుల ప్రాణము నిలిపిన ఔషధమును పొలములపై కురిపించి మొద్దుబార్చుట వివేకమనిపించుకొనదు.

ఇంతకంటె సూక్ష్మమైన ఉపాయము మన హైదరాబాదుననే సిద్ధించినది. 1986లో బాపట్లనుండి వెలువడి సన్నబియ్యమునకు పర్యాయపదమైన సాంబమసూరి ఈ తెగులునకు తాళజాలకపోగా, కణ అణుజీవశాస్త్ర కేంద్రమును, వరి పరిశోధన సంస్థయు కలిసి, జన్యుగుర్తుల సాయముతో సంకరపరచి, మూడు నిరోధక జన్యువులను దానిలో కూర్చినవి. ఆ విత్తనము 2008లో విడుదలయైనది. వీనిలో ఎక్స్‌ఎ-13 అను జన్యువుననే గాదె తాళపు రహస్యమున్నది: చక్కెర జన్యువు మొదటనుండు వర్ణక్రమము ఇందు వేరగుటచే, దొంగ ఎరిగిన గుర్తు చెరిగిపోయి, గాదె తెరువబడదు. ఎక్స్‌ఎ-5 ఆ మాంసకృత్తునకు కణమునుండి దొరకు తోడ్పాటును తగ్గించును. ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవివరినుండి వచ్చిన ఎక్స్‌ఎ-21, సూక్ష్మజీవి వెలికి విడుచు ఒక చిన్న పెప్టైడును కనిపెట్టి, మొక్కను మేల్కొలుపు కావలివాడు.

సూక్ష్మజీవియు ఊరకుండునది కాదనుట నిజము. ఎక్స్‌ఎ-13 ఎదురైనచోట వేరొక చక్కెర జన్యువును తెరపించుకొను తెగలు బయలుదేరియే యున్నవి. మూడు జన్యువులను ఒకచోట కూర్చుటలోని ఔచిత్యమిదియే. తెగులు తెగలను ఏటేట పరీక్షించుటకును, కొత్త జన్యువులను వెదకుటకును ప్రభుత్వము ఎడతెగక ధనము సమకూర్పవలెను. నత్రజని మితిమీరిన చేనునే ఈ తెగులు అధికముగా పీడించునని వ్యవసాయశాఖ ఊరూర చెప్పవలెను. తొలకరికి దుకాణము మెట్లెక్కిన రైతునకు మందు సీసాకంటె ముందుగా ఈ విత్తుల సంచి కనబడునట్లు చేయుట అన్నిటికంటె మొదటి పని.