అడిగి రాసుకున్నారు సరే... మరి మనకి చెప్పేదెప్పుడు?

సంక్రాంతి సెలవులకి మా ఆడపడుచు కూతురు వచ్చింది. హైదరాబాద్‌లో ఎం.ఏ. చదువుతోంది. వచ్చిన దగ్గర్నుంచీ చేతిలో ఫోను, ఫోనులో తల. "పండగపూట కూడా ఆ గోలేమిటే, కాస్త వచ్చి అరిసెలు ఒత్తకూడదూ" అని మా అత్తయ్యగారు కసిరితే, "సినిమా కాదు అమ్మమ్మా, మీ కూచిపూడి మీద పుస్తకం" అందది. అంతే! అరిసెల సంగతి నా నెత్తిన పడింది. ఆవిడ వెళ్ళి మనవరాలి పక్కన కూర్చున్నారు.

అత్తయ్యగారి పుట్టిల్లు కూచిపూడికి నాలుగు మైళ్ళ దూరంలో ఓ చిన్న పల్లె. చిన్నతనంలో ఎడ్లబండి మీద వెళ్ళి వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసిన మనిషి. తెర వెనకనుంచి ఆ జడ ఇవతలికి పడటం, జనం ఊపిరి బిగబట్టడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు చెబుతారు. ఆ నడక చూసొచ్చి వాళ్ళ పిన్నిగారు ఇంట్లో అలాగే నడవబోతే, "ఆడపిల్లవి, ఏమిటా వయ్యారాలు?" అని తాతగారు కేకలేశారట. మగవాడు ఆడదానిలా నడిస్తే కళ, ఆడది ఆడదానిలా నడిస్తే తప్పు అన్నమాట! ఈ మాట నాది కాదు, అత్తయ్యగారిదే.

పిల్ల వెళ్ళిపోతూ ఆ పుస్తకం నా ఫోనులో పెట్టి వెళ్ళింది. విదేశీ విశ్వవిద్యాలయాల పుస్తకాలంటే వేలు పోయాలి కదా అంటే, దీన్ని ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టారు అత్తా అంది. నేను బి.ఏ. తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి పాసయినదాన్ని. ఇంగ్లీషు పేపరు చదవగలను, నవల కూడా లాక్కురాగలను. ఇలాంటి పుస్తకం మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక రోజూ నాలుగు పేజీలు చదవడం, అర్థమైనంత మేర అత్తయ్యగారికి తెలుగులో చెప్పడం... ఇలా రెండు నెలలు సాగింది మా కాలక్షేపం.

పుస్తకం పేరు 'ఇంపర్సొనేషన్స్'. వేషధారణలు అనుకోండి. 2019లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ వేసింది. రాసినావిడ హర్షిత కామత్, అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్యం, సంస్కృతి బోధిస్తారు. సిద్ధేంద్రయోగి కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళ దగ్గర, జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని ఐతిహ్యం ఉంది కదా. ఆ వేషం ఎంత బాగుంటుందో పొగిడి వదిలేస్తే అది మామూలు వ్యాసమయ్యేది. చీర కట్టి, జడ వేసి, ఆడదానిగా మెప్పించిన మగవాడికి ఊళ్ళో, కులంలో ఏ స్థానం దక్కుతుంది, ఆ పెద్దరికం ఎంత గట్టిది, ఎక్కడ బీటలు వారుతుంది అని ఆవిడ అడుగుతారు. వెంపటి చినసత్యంగారు మద్రాసు వెళ్ళి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఆడపిల్లలకి నేర్పి ఆడపాత్రలు వాళ్ళకే ఇచ్చేసరికి, మగవాళ్ళ స్త్రీవేషానికి మునుపటి గిరాకీ పోయింది. ఇవాళ విజయవాడలోనైనా అమెరికాలోనైనా కాళ్ళకి గజ్జెలు కట్టి కూచిపూడి నేర్చుకునేది ఎక్కువగా ఆడపిల్లలేగా.

చెప్పొద్దూ, మధ్యలో కొన్ని పేజీలు దాటేశాను. జుడిత్ బట్లర్ అనే అమెరికన్ తత్వవేత్త పేరు వచ్చినచోటల్లా వాక్యం పేజీ సగం దాకా పాకుతుంది. పప్పు పొయ్యిమీద పెట్టి చదివే చదువు కాదది.

ఇదంతా విని అత్తయ్యగారు ఒక్కటే అడిగారు. "ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళని కూడా అడిగిందా ఆ అమ్మాయి?"

అడిగారు. చివరి అధ్యాయం వాళ్ళ గురించే. ఏ దేశం పిల్లలైనా వచ్చి కూచిపూడిలో అడుగు నేర్చుకోవచ్చు. కానీ ఆ నాట్యాన్ని తరతరాలుగా నిలబెట్టిన ఇళ్ళల్లోని కూతుళ్ళకీ కోడళ్ళకీ మాత్రం అందులో చోటు లేకపోయింది. పేరున్న కళాకారుల సంగతి ఎవరైనా రాస్తారు. వేదికే ఎక్కని వాళ్ళ దగ్గరకి వెళ్ళి మీ కథేమిటని అడగడం, అదీ ఈ పుస్తకంలో నాకు నచ్చింది. ఆ అధ్యాయం లేకపోతే కూచిపూడి చరిత్ర సగమే అని ఆవిడ ఎక్కడా అరవరు గానీ, చదివినవాళ్ళకి తెలిసిపోతుంది.

అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, తనతో బళ్ళో చదివిన ఒక భాగవతులవారి అమ్మాయి సంగతి చెప్పారు. సత్యభామ ప్రవేశ దరువు మొదట్నుంచి చివరిదాకా ఆ పిల్లకి నోటికి వచ్చట. అన్నదమ్ములకి నేర్పుతుంటే తలుపు చాటున విని పట్టేసింది. రుబ్బురోలు దగ్గర పాడుకునేది. వీధి అరుగు మీద నాన్నగారి చెప్పుల చప్పుడు వినిపిస్తే ఠక్కున ఆపేసేది. పద్నాలుగేళ్ళకి పెళ్ళి చేసి పంపేశారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదహారేళ్ళయింది. ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యగారూ అంటే, "నువ్వెప్పుడైనా అడిగావా?" అన్నారు.

నిజమే, అడగలేదు.

సరే, ఇళ్ళల్లోని వాళ్ళ సంగతి ఇది. మరి వేదికమీద ఆడి పాడిన ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు, కళావంతులు. వాళ్ళకి ఏం జరిగిందో మనకి తెలుసు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. వృత్తి పోయింది, పరువు ఎటూ ఇవ్వలేదు. దవేశ్ సోనేజీ అనే పరిశోధకుడు 2012లో అచ్చయిన తన పుస్తకంలో, కోస్తా జిల్లాల్లోని అలాంటి కుటుంబాల పెద్దావిడలు బయట ఎవరికీ తెలియకుండా తమ ఇళ్ళల్లో తాము పాడుకుంటూ, అభినయిస్తూ ఆ విద్యని గుర్తుంచుకున్న వైనం రాశారట. 2023లో రమ్య పుచ్చాగారి పుస్తకం కూడా వచ్చింది, నర్తకి అంటే ఎవరు, ఆమె గొంతు ఏమైంది అని. ఈ రెండూ నేను చదవలేదు, మేనకోడలు చెబితే విన్నాను. ఉచితమైతే చదివేదాన్ని!

ఈ నాట్యం గోల మాకెందుకు అనుకునేవాళ్ళకి ఇంకో పుస్తకం. లీసా మిచెల్ అని అమెరికా ప్రొఫెసరమ్మ. ఇంతకుముందు 2009లో, తెలుగు మనకి 'మాతృభాష' ఎప్పుడైంది, ఓ భాష కోసం ప్రాణమిచ్చేటంత ప్రేమ ఎలా వచ్చింది అని పొట్టి శ్రీరాములుగారి దాకా పరిశీలించి పుస్తకం రాశారు. 2023లో 'హెయిలింగ్ ది స్టేట్' అని మరోటి. సర్కారుని కేకేసి పిలవడం అన్నమాట. ధర్నాలు, రాస్తారోకోలు, రైల్‌రోకోలు, రైల్లో చెయిను లాగడాలు, టిక్కెట్టు లేకుండా సభలకి వెళ్ళడాలు... మనం "అబ్బ, మళ్ళీ ట్రాఫిక్ జామ్" అని విసుక్కునేవన్నీ ఆవిడ పుస్తకంలో ఉన్నాయి. 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ మూసేసినప్పుడు ఎంత గొడవైందో గుర్తుందా? అలాంటి చోటు ఎందుకు ఉండాలో ఈ పుస్తకం చదివితే బోధపడుతుంది.

ఆవిడ చెప్పేది నాకు మన వంటింటి భాషలో అర్థమైంది. రోడ్డెక్కినవాళ్ళు ప్రభుత్వాన్ని కాదనుకుని ఎక్కరు, మా మాట విను అనే ఎక్కుతారు. అదీ మొదట్లోనే కాదు. ముందు మెల్లగా చెబుతారు, అర్జీ పెడతారు, ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఎవరూ వినకపోతేనే గొంతు పెంచుతారు. మెల్లగా చెప్పినా పని జరిగే పలుకుబడి ఉన్నవాళ్ళకి అరవాల్సిన అవసరమే రాదు. మన ఇళ్ళల్లో జరిగేదీ అదే కదండీ! మూడుసార్లు నిదానంగా చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కదు. నాలుగోసారి గిన్నె ఎత్తేస్తే మాత్రం "దీనికి నోరెక్కువైంది" అంటారు. ఆ మూడుసార్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ గుంపుల్లోని ఆడవాళ్ళ సంగతి ఆవిడ ఇంకాస్త విప్పి రాసుంటే బాగుండేదనిపించింది.

ఇక నా అసలు బాధ. కూచిపూడి ఆడవాళ్ళు చెప్పిందీ తెలుగులోనే, ధర్నాల్లో నినాదాలు ఇచ్చిందీ తెలుగులోనే. అచ్చయింది మాత్రం ఇంగ్లీషులో. మా ఊరి పుస్తకాల షాపులో అడిగితే, ఈ పేర్లు వినలేదమ్మా అన్నాడు. మా మేనకోడలు ఫోను పట్టుకుని రాకపోతే ఆ ఆడవాళ్ళ మాట, నాలుగు మైళ్ళ అవతల పుట్టిన మా అత్తయ్యగారికి చేరేదే కాదు. హర్షితగారే వెల్చేరు నారాయణరావుగారితో కలిసి నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు, 2022లో వచ్చింది. చాలా మంచి పని. మన సత్యభామ సముద్రం దాటి వెళ్ళింది. సత్యభామ పక్కింటి ఆడవాళ్ళ కథ మాత్రం ఇటు రావాలంటే దారి లేదు.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరకి వెళ్ళి అడిగి, వాళ్ళ మాటల్లోనే వేశారు. తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యంగారున్నారు, అడవిలో పసిబిడ్డని ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి ఉంది. అది ముందు తెలుగులో వచ్చింది, ఇంగ్లీషులోకి తరవాత 1989లో వెళ్ళింది. చెప్పినవాళ్ళు తమ మాటల్ని తామే చదువుకునే, చదివించుకునే వీలుండేది.

తెలుగులో వస్తే ఏమవుతుంది అంటారా? నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటికి నేను పసిదాన్ని, మా అమ్మ చెబితే విన్నదే. రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ళ వాచకంలో సారావల్ల ఇల్లు కూలిపోయే పాఠం ఉండేది. పండితులు రాసిన గ్రంథమేం కాదు, రెండు మూడు పేజీలు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అది ఊళ్ళు దాటి, జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. పాఠం ఒక్కటే చేసిందని అనను. కూలి డబ్బులు పోగొట్టుకున్న కడుపుమంట ఎప్పట్నుంచో ఉంది. కానీ తమ బతుకు తమ భాషలో అచ్చులో కనబడేసరికి, ఇది నా ఒక్కదాని ఇంటి గొడవ కాదని వాళ్ళకి తెలిసింది.

పరిశోధకుల్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ ఉద్యోగాలకీ ప్రమోషన్లకీ లెక్కకొచ్చేది ఇంగ్లీషు పుస్తకాలేనట. పెద్ద ప్రెస్సులు లైబ్రరీల్ని చూసి ధర పెడతాయి. తెలుగులోకి చేయాలంటే అనువాదం చేసేవాళ్ళకి కూలి కూడా గిట్టదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ పని చేస్తున్నా, వాళ్ళొక్కరే ఎన్నని మోస్తారు? పుస్తకం మొత్తం వద్దు. మా ఊరొచ్చి, మా గుమ్మంలో కూర్చుని, మా కాఫీ తాగి రాసుకున్నదాంట్లో పాతిక పేజీల సారాంశం, ఎనిమిదో క్లాసు చదివినావిడకి అర్థమయ్యే తెలుగులో ఇవ్వండి. ఫోనులో ఉచితంగా పెట్టండి. విశ్వవిద్యాలయాలు పరిశోధనకి డబ్బిచ్చేటప్పుడే ఈ షరతు పెట్టొచ్చు. మన తెలుగు ఎం.ఏ. పిల్లలకి ఈ పని ఇస్తే వాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి.

నిన్న మధ్యాహ్నం పుస్తకం అయిపోయింది. అత్తయ్యగారికి తోచలేదు. పిల్లాడి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చించి కుట్టుకుని నేను ఎదురుగా కూర్చున్నాను. రుబ్బురోలు దగ్గర ఆ అమ్మాయి పాడిన దరువు, వాళ్ళ పిన్నిగారి నడక, ఎడ్లబండి, అన్నీ మొదట్నుంచి చెప్పమన్నాను. ఆవిడ గొంతు సవరించుకుని, "నా పేరు రాయకు" అన్నారు. ఓ నిమిషం ఆగి, "పోనీ రాయి" అన్నారు.