రేవు ఇంజనీరు

వరాఛా నుండి రైలులో బొంబాయికి వెళ్ళివచ్చే మన పాఠకులకు అక్కడి రేవు సుపరిచితమే. మొదటి ప్రపంచ యుద్ధానికి పూర్వం ఆ పోర్టు ట్రస్టులో ఎరిక్ స్టువర్ట్ డూగల్ అనే బ్రిటిష్ ఇంజనీరు పనిచేశారు.

1918 ఏప్రిల్ 10న బెల్జియంలోని మెసీన్ వద్ద ఆయన ఫిరంగిదళాధికారి. పదాతిదళం వెనుకంజవేసి ఫిరంగుల సరసకు చేరగా, ఆయన వారిని కూడగట్టి, తన ఫిరంగి సిబ్బందికి సైతం తుపాకులిచ్చి, శత్రువును పన్నెండు గంటలకు పైగా నిలువరించారు. సాయంత్రానికి గుండ్లు నిండుకున్నవి. అయినను ఫిరంగులను విడువక, గుంతలు పడిన నేలపై దాదాపు 800 గజాలు మనుషుల చేతనే లాగించారు. యంత్రసామగ్రి విలువ ఇంజనీరుకు వేరొకరు చెప్పవలెనా!

ఆయనది మనలను పాలించినవారి సైన్యమే. అయినను ఆనాటి ఆ కర్తవ్యదీక్షను మేము గౌరవిస్తున్నాము. నాలుగవ నాడు, ఏప్రిల్ 14న, కెమ్మెల్ సమీపాన ఆయన నేలకొరిగారు. 32 ఏళ్ళు నిండినది ముందురోజే. విక్టోరియా క్రాస్ ప్రకటన వెలువడే నాటికి అందుకొనుటకు ఆయన లేరు.