ఏసీకి స్టార్లున్నాయి, ఫోన్‌కెందుకు లేవు?

ఎండాకాలం రాగానే ఏసీ కొనడానికి షాపుకు వెళ్ళేవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని స్టార్లు?" అనే. ఇరవై ఏళ్ళ కిందట ఈ ప్రశ్నే లేదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో స్టార్ లేబుల్ పథకం మొదలుపెట్టాక, కంప్రెసర్ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళు కూడా కరెంటు బిల్లు లెక్కేసుకుని మరీ కొంటున్నారు. అదే మనిషి పక్క షాపులో ఫోన్ కొనేటప్పుడు మాత్రం 108 మెగాపిక్సెల్, 6000 ఎంఏహెచ్, 5జీ అంటూ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసినవాటినే నమ్ముకోవాలి. బ్యాంకు ఖాతా, పిల్లల చదువు, గ్యాస్ బుకింగు, ఓటీపీలు అన్నీ ఆ ఫోన్ మీదే నడుస్తాయి. అయినా అది తన ఊళ్ళో, తన ఎండలో, మూడేళ్ళ తర్వాత ఎలా పనిచేస్తుందో చెప్పే అంకె ఒక్కటీ ఆ డబ్బా మీద పెద్దగా కనిపించదు. ఫోన్లకు కూడా అలాంటి లేబుల్ తప్పనిసరి చేయాలి.

"5జీ" అన్న ముద్రనే తీసుకుందాం. 5జీ అంటే ఒకే రకం తరంగం కాదు. 2022 ఆగస్టులో ముగిసిన స్పెక్ట్రమ్ వేలంలో టెలికాం సంస్థలు 5జీ కోసం కొన్నవాటిలో ముఖ్యమైనవి మూడు: 700 మెగాహెర్ట్జ్, 3300 మెగాహెర్ట్జ్, 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు. మొదటిదాని తరంగదైర్ఘ్యం సుమారు 43 సెంటీమీటర్లు, రెండోదాన్ది దాదాపు 9, మూడోదాన్ది ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. పొడవైన తరంగం టవర్ నుంచి చాలా దూరం పోతుంది, గోడలు దాటి ఇంటి లోపలి గదిలోకీ చేరుతుంది. కానీ ఆ బ్యాండ్‌లో చోటు తక్కువ కాబట్టి ఎక్కువ డేటా పట్టదు. పొట్టి తరంగాలున్న బ్యాండ్‌లలో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ. అయితే గోడలూ చెట్లూ వాటిని తొందరగా మింగేస్తాయి. కాబట్టి నగరం నడిబొడ్డున ఉండేవాళ్ళకు 3300 బ్యాండ్ వేగం దక్కుతుంది. టవర్లు దూరదూరంగా ఉండే పల్లెలో, ఏజెన్సీ గ్రామంలో, మందపాటి గోడల పాత ఇంట్లో ఉండేవాళ్ళకు ఆధారమయ్యేది 700 లాంటి కింది బ్యాండే.

ఫోన్‌లో ఒక్కో బ్యాండ్‌కు సాధారణంగా ఒక్కో ఫిల్టర్ కావాలి. యాంటెనా గాలిలో ఉన్నవన్నీ పట్టుకుంటుంది: ఎఫ్ఎం రేడియో, టీవీ, పక్కవాడి ఫోన్, ఇంకో కంపెనీ టవర్. వాటిలో కావలసిన ఒక్కదాన్ని వేరుచేసేదే ఫిల్టర్. బియ్యపు గింజ కన్నా చిన్నదైన ఈ స్ఫటికపు ముక్క విద్యుత్ సంకేతాన్ని ధ్వని కంపనంగా మార్చేస్తుంది. తన శ్రుతికి సరిపోయిన కంపనాన్నే అవతలికి పంపి, దాన్ని తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది. ఫోన్ అంటే చెవి దగ్గర పెట్టుకునే సాధనమని అందరికీ తెలుసు. దాని కడుపులో డజన్ల కొద్దీ ఇలాంటి మూగ వాద్యాలున్నాయని తెలిసినవాళ్ళు తక్కువ. ఒక్కో ఫిల్టర్‌కు కొంత ధర, బోర్డు మీద కొంత చోటు కావాలి. ధర తగ్గించాలనుకున్న కంపెనీ కొన్ని బ్యాండ్‌లను వదిలేస్తుంది. అలా వదిలేసిన బ్యాండ్‌ను తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా తెచ్చిపెట్టలేదు.

సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే చిక్కు వేరే ఉంది. 2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ ప్రారంభమైనప్పుడు, అప్పటికే "5జీ ఫోన్" అని కొనుక్కున్న చాలామందికి సేవ అందలేదు. లోపల హార్డ్‌వేర్ సిద్ధంగా ఉన్నా, కంపెనీలు ఇక్కడి నెట్‌వర్క్‌లకు అప్‌డేట్ ఇవ్వలేదు. కొన్ని ఖరీదైన ఫోన్ల వాళ్ళు డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో బంధువులు ప్రేమగా తెచ్చే ఫోన్లతో ఉన్న ఇబ్బందీ ఇలాంటిదే. మోడల్ పేరు ఒకటే అయినా, దేశాన్ని బట్టి లోపలి బ్యాండ్ల జాబితా మారుతుంది. ఆ జాబితా తెలుసుకోవాలంటే కంపెనీ వెబ్‌సైట్‌లో చిట్టచివరి పేజీ దాకా వెతకాలి. అక్కడ కూడా "ఎన్28", "ఎన్78" అని సంకేతాలే కనిపిస్తాయి (మొదటిది 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్, రెండోది 3300 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యేది). ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల వల్ల టెలికాం సంస్థలు కవరేజి మ్యాపులను తమ వెబ్‌సైట్లలో పెట్టాల్సి వచ్చింది. మంచిదే. కానీ మ్యాపులో తన ఊరు కనిపించినా, అక్కడి తరంగాన్ని తన ఫోన్ పట్టుకుంటుందో లేదో కొనేవాడికి తెలియకపోతే ఆ మ్యాపు సగం పనే చేసినట్టు.

తెర పైమూలన కనిపించే సిగ్నల్ గీతలను చూసి తెలుసుకోవచ్చు కదా అంటారా? ఎన్ని డీబీఎంకు ఎన్ని గీతలు చూపాలో చెప్పే ఉమ్మడి ప్రమాణమేదీ లేదు, ఎవరి లెక్క వారిది. 2010లో ఐఫోన్ 4 సిగ్నల్ గొడవ వచ్చినప్పుడు, గీతలు లెక్కించే తమ సూత్రమే తప్పని ఆపిల్ సంస్థ బహిరంగంగా ఒప్పుకుంది. పైగా ఇది సామాన్యమైన కొలత కాదు: మైనస్ 80 డీబీఎం నుంచి మైనస్ 100కు పడిపోతే సిగ్నల్ శక్తి నూరో వంతైనట్టు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్‌కు వినబడాలని గొంతు పెంచుతుంది. మామూలు ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా ప్రసారం చేస్తుంది, అందుకోసం బ్యాటరీ నుంచి అంతకన్నా చాలా ఎక్కువే లాగుతుంది. 6000 ఎంఏహెచ్ ఫోన్ ఒక ఊళ్ళో రెండు రోజులు వచ్చి, మరో ఊళ్ళో సాయంత్రానికే ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఇక తెర. షాపులో ట్యూబ్‌లైట్ కింద అన్ని తెరలూ అందంగానే ఉంటాయి. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. తెర మీది గాజు తనపై పడిన వెలుతురులో దాదాపు 4 శాతాన్ని తిరిగి కళ్ళలోకి కొడుతుంది. ఆ మెరుపును దాటి అక్షరం కనబడాలంటే తెరకు సొంత వెలుగు గట్టిగా ఉండాలి. దాని కొలత నిట్. ప్రకటనల్లో "3000 నిట్లు" అని రాసేది చాలాసార్లు పీక్ బ్రైట్‌నెస్, అంటే ఓఎల్ఈడీ తెరలో ఒక చిన్న మచ్చ మాత్రమే, అదీ కొద్దిసేపు మాత్రమే చేరే వెలుగు. తెల్లటి యూపీఐ స్క్రీన్ నిండుగా వెలగాల్సి వచ్చినప్పుడు ఆ అంకె బాగా పడిపోతుంది. ఎండకు ఫోన్ వేడెక్కితే, తనను తాను కాపాడుకోవడానికి వెలుగు ఇంకా తగ్గించుకుంటుంది. అంటే సరిగ్గా అవసరమైనప్పుడే తెర మసకబారుతుంది. చవక ఫోన్లలో ఉండే ఎల్‌సీడీ తెరలది మరో కథ. వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, పోలరైజర్లు, రంగు ఫిల్టర్లు దాటి ఆ వెలుగులో పదో వంతు కూడా బయటికి రాదు. కాబట్టి బ్యాటరీ ఆదా అవుతుందని వాటిలో డార్క్ మోడ్ పెట్టుకున్నా పెద్దగా లాభం లేదు. పొలం గట్టు మీద, తోపుడు బండి దగ్గర, బైక్ మీద డెలివరీ చేస్తూ ఫోన్ చూసేవాళ్ళకు కావలసింది ఒక్కటే: నిండు తెర తెల్లగా ఉన్నప్పుడు, వేడిలో పది నిమిషాల తర్వాత ఎన్ని నిట్లు నిలబడతాయి? ఆ అంకె ఎక్కడా అచ్చు వేయరు.

మెగాపిక్సెళ్ళ గురించి రెండు మాటలు చాలు. 108 మెగాపిక్సెళ్ళ సెన్సర్ మామూలుగా తొమ్మిదేసి పిక్సెళ్ళను కలిపేసి 12 మెగాపిక్సెళ్ళ ఫోటోనే ఇస్తుంది.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి స్మార్ట్‌ఫోన్లకు లేబుల్ తప్పనిసరి అయింది. ఒక చార్జింగ్‌కు ఎన్ని గంటలు పనిచేస్తుంది, బ్యాటరీ ఎన్ని చార్జింగులు తట్టుకుంటుంది, కింద పడితే ఎంత మేరకు నిలుస్తుంది, మరమ్మతు ఎంత సులువు, దుమ్మూ నీళ్ళూ ఆపగలదా అన్నవి దాని మీద ఉంటాయి. 800 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలన్న నిబంధన కూడా అప్పుడే అమల్లోకి వచ్చింది. మన దగ్గర కూడా వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025లో మరమ్మతు సూచీపై నివేదిక ఇచ్చింది. అది తొందరగా అమలుకు రావాలి. కానీ యూరప్ లేబుల్‌ను యథాతథంగా దించుకుంటే చాలదు, అందులో బ్యాండ్లూ లేవు, ఎండలో వెలుగూ లేదు. ఇక్కడి ఎండకూ, ఇక్కడి టవర్ల దూరాలకూ ఆ రెండూ చేర్చాల్సిందే.

ఇన్ని సాంకేతిక అంకెలు సామాన్యులకు అర్థం కావని పరిశ్రమ వైపు నుంచి అభ్యంతరం రావచ్చు. ఏసీ లేబుల్ వెనకున్న లెక్క కూడా సులువైనదేమీ కాదు, కొనేవాళ్ళు చూసేది నక్షత్రాలనే. "మీ రాష్ట్రంలో వాడుకలో ఉన్న అయిదు బ్యాండ్‌లలో ఈ ఫోన్ నాలుగు పడుతుంది" అని రాస్తే అర్థం కానిదెవరికి? ధర పెరుగుతుందన్న వాదన ఇంకా బలహీనం. ఇప్పుడు అదనపు ఫిల్టర్ వేసిన కంపెనీకి, వేయని కంపెనీకి షాపులో తేడా కనబడదు. కాబట్టి వేసినవాడే ఖర్చుపెట్టి నష్టపోతున్నాడు, ఆ డబ్బును అంకె పెద్దదిగా కనిపించే కెమెరా మీద పెట్టినవాడు గెలుస్తున్నాడు. అసలు ప్రశ్న పరీక్షలది. కంపెనీ చెప్పిన అంకెనే అచ్చు వేస్తే లేబుల్ ఇంకో ప్రకటన అవుతుంది. ఏసీలు, ఫ్రిజ్‌ల విషయంలో చేసినట్టే మార్కెట్‌లోంచి నమూనాలు కొని ప్రయోగశాలలో పరీక్షించే ఏర్పాటు ఉండాలి. దాచిన అంకెను బయటపెట్టించడం మనకు కొత్త కాదు. ఫోన్ నుంచి శరీరం గ్రహించే రేడియో శక్తికి 2012 సెప్టెంబర్ నుంచి కిలోకు 1.6 వాట్ల పరిమితి ఉంది, *#07# డయల్ చేస్తే ఆ విలువ తెర మీదికి వస్తుంది.

లేబుల్ వచ్చేదాకా కొనేవాళ్ళు చేయగలిగినవి కొన్నున్నాయి. డబ్బా మీది పూర్తి మోడల్ నంబరు కొట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో బ్యాండ్ల జాబితా చూడవచ్చు. ఇంట్లో బాగా పనిచేస్తున్న సిమ్ ఏ బ్యాండ్‌ల మీద నడుస్తోందో ఉచిత యాప్‌తో తెలుసుకుని ఆ జాబితాతో పోల్చుకోవచ్చు. అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయో, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో బిల్లు కట్టే ముందే అడగవచ్చు. డెమో ఫోన్‌ను ఒక్క నిమిషం షాపు గుమ్మం దాటించి ఎండలో చూస్తామంటే మాత్రం చాలాచోట్ల ఒప్పుకోరు, దానికి గొలుసు కట్టి ఉంటుంది.