గండము గడచిన పిమ్మట

రాచపుండను పేరు చెవినిబడగనే మనవారు రోగికి రోజులు లెక్కింతురుగాని యాతని రాబోవు బ్రదుకును గూర్చి యోచింపరు. నోటి క్యాన్సరు మొదటిదశలో పట్టువడెనేని శస్త్రచికిత్సచే ననేకులు బ్రదుకుచున్నారు. బ్రదికినవారి గతి యేమన్న ప్రశ్న ప్రభుత్వమునుగాని గ్రామపెద్దలనుగాని బాధించుచున్నట్లు కానరాదు.

ఈ వ్యాధి తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచి పీల్చు నడ్డపొగవలన నంగిటి క్యాన్సరు గలుగుట వైద్యలోకమున ప్రసిద్ధము. తెలంగాణమున జర్దా, గుట్కా లదే పని చేయుచున్నవి. పొగాకు చేరని వట్టి పోకచెక్కయు క్యాన్సరుకారకమేయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 2003 లో తీర్మానించినది. రెండు వారములకు మానని పుండు, తెల్లని లేక యెఱ్ఱని మచ్చ, మ్రింగుటలో నొప్పి — ఇవి వైద్యుని కడకు తక్షణము పోవలసిన గురుతులు. 1996 లో కేరళమున నారంభమైన మహాపరీక్షలో, శిక్షితులైన కార్యకర్తలు దీపకాంతితో నోళ్లు పరిశీలించిన పల్లెలందు పొగాకు, మద్యము సేవించువారిలో నోటిక్యాన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గెనని 2005 లో ప్రకటితమైనది. కన్నులు, దీపము, శ్రద్ధ — ఇంతకుమించిన సాధనములు దీనికి వలదు.

చికిత్సతో కథ ముగియదు. దవడ బిగిసి నోరు తెరువరాదు; నిత్యము వ్యాయామము వలయును. కిరణచికిత్స పొందినవారికి లాలాజల మింకును, పండ్లు చెడును, కారము సోకదు. మాట తడబడును. వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము మొదటి రెండేండ్లలో నధికము గావున నా కాలమున తరచుగను, పిమ్మట నేండ్లతరబడియు పరీక్ష లవసరము. పొగాకు మరల ముట్టెనేని రెండవ పుండును పిలిచినట్లే.

నల్లమల యంచున నచ్చంపేట చేరువ నున్న బల్మూరును దలంపుడు. అచ్చటి కూలివాడు హైదరాబాదులో 1955 నుండి పనిచేయుచున్న మెహదీనవాజు జంగు క్యాన్సరు వైద్యాలయమునకు పోవలెనన్న నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణము, పోగొట్టుకొనిన కూలి, తోడుబోవు మనిషికి మరియొక కూలి. 2007 లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట ప్రవేశపెట్టబడిన మూడు జిల్లాలలో బల్మూరు నాడు చేరియున్న మహబూబునగరమొకటి. శస్త్రచికిత్సకు ధన మిచ్చుట ఘనకార్యమే. కాని బస్సుకర్చుకు లేక పరీక్ష మానుకొనువానికి ఆ ఘనకార్యము సగములో నిలిచిపోవును.

30 యేండ్లు దాటినవారి నోటిని పరీక్షింపవలెనని కేంద్రప్రభుత్వము 2016 లోనే మార్గము చూపినది. దానిని కాగితమున నుంచక ప్రతి యుపకేంద్రమున జరిపింపవలెను. చికిత్స ముగిసినవారి పట్టిక మండలమందే యుంచి, మధ్యకాలపు పరీక్షలు జిల్లాలోనే జరుగునట్లు చేసి, ప్రయాణవ్యయము నీయవలెను. ఇది యాచన కాదు, న్యాయము.

ప్రభుత్వమును నిందించి మనము చేతులు కడిగికొనరాదు. భూవసతిగల మా పాఠకులారా! కూలివాండ్రకు జర్దాపొట్లము పంచుట యౌదార్యమని మీలో కొంద రెంచుచున్నారు, అది విషదానము. చికిత్స పొంది వచ్చినవానికి పరీక్షదినపు కూలి కోయకుడు. ఈ వ్యాధి యంటునది కాదు; విందుపంక్తిలో నాతనికి వేరువిస్తరి వేయకుడు. ఆతని మాట తడబడినచో నోర్మితో వినుడు. వర్తకులారా! మీ యంగడి గుమ్మమున వ్రేలాడు పొట్లముల దండ యెవరి మెడకు పడునో యోచింపుడు.

శస్త్రవైద్యుడు ప్రాణమును నిలుపును. ఆ ప్రాణమునకు గౌరవము, కూడు, తోడు సమకూర్చుట యూరి పని. గండము గడచి వచ్చినవానిని రోగిగా గాక మన సాటి గృహస్థుగా నాదరించు గ్రామమే నాగరికగ్రామమని మా యభిప్రాయము.